మావయ్య బూట్ల మీద ఎర్రమరక

నా చిన్నప్పుడు మా మేనత్తవాళ్ళింట్లో అందరికంటే ఎక్కువ మర్యాద అందుకున్నది ఒక జత బూట్లు. తెల్ల కేన్వాసు బూట్లు. మా మావయ్య నర్సీపట్నంలో ఒక స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆ బూట్లు ఉతికి, తెల్లసుద్ద నీళ్ళలో కలిపి గుడ్డతో పూసి, అరుగు మీద నీడ పడే చోట గోడకి ఆనించి ఆరబెట్టేవాడు. ఎండ తగిలితే అడుగున రబ్బరు ఊడిపోతుందని ఆయన నమ్మకం. అవి ఆరేదాకా అరుగు మీద చీపురు పడకూడదు, దుప్పటి దులపకూడదు, పిల్లలు పరిగెత్తకూడదు. ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చినట్టు ఆదివారమంతా మేం మెల్లగా నడిచేవాళ్ళం.

ఆయన మంచివాడని నేను చెప్పను. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలన్న పట్టింపు నాకు లేదు. ఇంట్లో ఉన్నా ఆయన మెడలో ఈల వేలాడుతూనే ఉండేది. అన్నం పెట్టమనడానికి ఈల, మంచినీళ్ళకి ఈల, నన్ను తిట్టాలంటే ముందుగా రెండు ఈలలు. మా అత్త ఆ ఈలకి ఎంత అలవాటు పడిపోయిందంటే, రోడ్డు మీద బస్సు కండక్టరు ఈల వేసినా వంటింట్లోంచి బయటికి వచ్చేసేది. అది చూసి వీధివాళ్ళు నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు.

మాది కోటవురట్ల దగ్గర పల్లె. మా ఊరి బడి ఐదో తరగతితో సరి. ఆపైన చదివించాలని మా నాన్న నన్ను తన అక్క ఇంట్లో దింపాడు. దింపిన రోజే మావయ్య నన్ను అరుగు మీద నిటారుగా నిలబెట్టి ఒక షరతు పెట్టాడు. నా మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా కోటవురట్ల బస్సెక్కించేస్తానని, మళ్ళీ ఈ గుమ్మం తొక్కడం ఉండదని. ఆ బస్సెక్కితే నా చదువు అయిపోయినట్టే. మా ఊళ్ళో నా ఈడు ఆడపిల్లలంతా అప్పటికే చెరకు తోటల్లో ఆకు తీసే పనికి వెళ్తున్నారు. ఆ ఆకు కోసుకుని వాళ్ళ మోచేతుల నిండా గీతలు. అందుకని ఆ ఇంట్లో నేను ఊపిరి కూడా నెమ్మదిగా తీసేదాన్ని.

చింతపల్లి బస్సులు పోయే రోడ్డు పక్కన సందులో ఉండేది మా ఇల్లు. వరసగా మూడు వాటాలు. మొదటి వాటాలో ఇంటిగలావిడ, మధ్యలో మేము, చివరిదాంట్లో పక్కింటి అక్క. మూడింటికీ కలిపి ఒకటే అరుగు. పక్కింటి అక్కది చింతపల్లి దాటాక ఎక్కడో కొండ మీద ఊరు. భర్త పోయాక కిందికి దిగి, ఆడపిల్లల హాస్టల్లో వంట చేసుకుంటూ బతికేది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. తనంతట తాను ఎవరినీ పలకరించేది కాదు. ఎవరైనా పలకరిస్తే సూటిగా జవాబు చెప్పేది. అది వీధికి నచ్చేది కాదు. కొండ దిగి వచ్చిన ఒంటరి ఆడది తల వంచుకుని ఉండాలని వాళ్ళ లెక్క. ఆమెకి చిల్లంగి వచ్చని వెనకాల గుసగుసలాడేవారు. చిల్లంగి అంటే మా వైపు చేతబడి. ఆ మాట ఒకసారి అంటుకుంటే ఎవరూ ఇల్లివ్వరు, పనిలో పెట్టుకోరు. కొన్నిచోట్ల మనుషుల్ని చావగొట్టిన సంగతులు కూడా మేం విన్నాం. ఇంత భయపడేవాళ్ళూ ఆమె కొండ నుంచి తెచ్చిన చింతపండు మాత్రం పోటీలు పడి పట్టుకుపోయేవారు.

నాకు రంగులు చేయడం నేర్పింది ఆమే. స్కూల్లో డ్రాయింగు మాస్టారు ఒక పండు బొమ్మకి రంగులు వేసి తెమ్మన్నారు. రంగులపెట్టె కావాలని నేను మెల్లగా అడిగితే మావయ్య రెండు ఈలలు వేసి, బొమ్మలు గీసి బాగుపడినవాళ్ళు తనకి తెలీదన్నాడు. ఆ మాట అరుగు చివర కూర్చుని ఆకులు కుట్టుకుంటున్న అక్క విన్నట్టుంది. మర్నాడు నేను స్కూలు నుంచి వస్తుంటే పిలిచి, తుమ్మజిగురు ముద్ద ఒకటి చేతిలో పెట్టింది. దాన్ని నీళ్ళలో కరిగించి పసుపు కలిపితే పసుపుపచ్చ, నీలిమందు కలిపితే నీలం, చిక్కుడాకు పసరు కలిపితే ఆకుపచ్చ, బొగ్గు నూరి కలిపితే నలుపు అని చెప్పింది. చెప్పేటప్పుడు కూడా నవ్వలేదు. నేను లేచి వస్తుంటే వెనక నుంచి ఇంకో మాట అంది.

"పసుపు ఎండకి ఆగదు. బొమ్మని ఎండలో పెట్టీకు. తెల్లగా అయిపోతాది."

ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం అవసరమైన వేళకి మర్చిపోయాను.

మావయ్యకీ అక్కకీ మొదటి నుంచీ పడదు. అరుగంతా తనదే అన్నట్టు ఉండేవాడాయన. ఒక రోజు అక్క తన గుమ్మం ముందు చాప పరిచి చింతపండు ఆరబోసుకుంది. మావయ్య స్కూలుకి బయలుదేరి, పక్క నుంచి దిగడానికి చోటున్నా, కావాలనే ఆ చాప మీద నుంచి బూట్లతో నడుచుకుంటూ పోయాడు. పైగా సాయంత్రం వచ్చి తన బూట్లకి జిడ్డు అంటుకుందని ఆమెనే తిట్టాడు. అక్క తొక్కుడుపడిన చింతపండు ఏరి అవతల పారేస్తూ తలెత్తకుండానే అంది.

"తినే వస్తువు తొక్కిన కాలు సక్కగా నడవదండి."

మూడో రోజున గ్రౌండులో పిల్లలకి హైజంపు చూపించబోయి మావయ్య పిక్క పట్టేసింది. కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. పిక్క పట్టేయడానికి కారణం ఆయన వయసూ, ఆయన పొట్టా అని నాకు కూడా తెలుసు. ఆయనకి మాత్రం అక్క అన్న మాట గుర్తొచ్చింది. ఇంటిగలావిడ దగ్గరికి వెళ్ళి, ఆ మనిషిని ఉంచుకుంటే వీధికి మంచిది కాదని చెప్పివచ్చాడు. ఆవిడ చూద్దాంలే అంది.

ఆ వారంలోనే నేను రంగు ఒలకబోశాను. ఆదివారం మధ్యాహ్నం, అత్తా మావయ్యా భోంచేసి నిద్రపోతున్నారు. నేను వెలుతురు కోసం అరుగు మీద కూర్చుని జీడిమామిడి పండు బొమ్మకి రంగు వేస్తున్నాను. కింద గింజ నల్లగా, పండు సగం ఎరుపు, సగం పసుపు. కొబ్బరిచిప్పలో పసుపు చిక్కగా కలుపుకున్నాను. బొమ్మ మీదికి ఎండ జరిగి వస్తోంది. నీడ ఉన్న చోట మావయ్య బూట్లున్నాయి. ముట్టుకోకూడదని తెలిసీ వాటిని జానెడు పక్కకి జరిపి అక్కడ చేరాను. మోచెయ్యి తగిలి చిప్ప ఒరిగిపోయింది. చిప్పలో ఉన్నదంతా రెండు బూట్ల ముక్కుల మీదా పడింది.

అప్పుడు నేను చేయవలసిన పని చాలా చిన్నది. లోపలికి వెళ్ళి లేపి, మావయ్యా నేను ఒలకబోశానని చెప్పడం. నాకు మాత్రం కోటవురట్ల బస్సే కనబడింది. బూట్లు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. గోలెం పక్కన అత్త బట్టల సోడా ఉంటుంది. ఎంత మొండి మురికైనా దానికి వదులుతుందని అత్త అంటుండేది. గుప్పెడు తీసి మరక మీద వేసి, నీళ్ళు చల్లి, కొబ్బరిపీచుతో రుద్దాను.

పసుపు ఎర్రబడింది. కొంచెం కాదు, రుద్దిన చోటల్లా నెత్తురులాగా అయింది. ఇంకా రుద్దాను. ఇంకా ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళవుతాయని నాకు తెలుసు, హారతి పళ్ళెంలో చూశాను, దిష్టి తీసి నాలుగు దారుల దగ్గర పోస్తుంటే చూశాను. సోడా కూడా అదే పని చేస్తుందని ఎవరు చెప్పారు నాకు? ఒక్క క్షణం నిజంగానే ఏదో దెయ్యం పని అనుకుని బూటు వదిలేశాను. తర్వాత సుద్ద తెచ్చి పైన పూశాను. ఎరుపు లోపల నుంచి తొంగిచూస్తూనే ఉంది. ఇక చేసేది లేక, బూట్లు ఎప్పటి చోటే గోడకి ఆనించి, అరుగు తుడిచి, చిప్ప పెంటలో కప్పెట్టి, లోపలికి వెళ్ళి పుస్తకం తెరుచుకు కూర్చున్నాను. పుస్తకం తలకిందులుగా ఉందని కాసేపటికి గానీ చూసుకోలేదు.

నాలుగింటికి ఈల వినబడింది. ఒకటి కాదు, ఆగకుండా. అత్త పరిగెత్తింది, నేనూ వెళ్ళాను. మావయ్య గోడకి అతుక్కుపోయి, బూట్ల కేసి వేలు చూపిస్తూ ఊదుతున్నాడు. ఎర్రగా మరకలు చూసి అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎర్రనీళ్ళు ఎవరో బూట్ల మీద పోశారు, అదీ కావాలని రెండిటి మీదా పోశారు. ఆ ఇంట్లో, ఆ వీధిలో, దానికి వేరే అర్థం ఎవరికీ తోచదు. ఎవరికో తగిలిన దిష్టి తెచ్చి ఈయన కాళ్ళకి అంటగట్టారన్నమాట. మొన్న మాట పడింది, నిన్న పిక్క పట్టేసింది, ఇవాళ ఎర్రనీళ్ళు. మావయ్యకి లెక్క సరిపోయింది.

"ఇంకేటి కావాలి? కొండది సేసీసింది" అన్నాడు. మాస్టారి భాష అంతా కోపంలో ఎగిరిపోయి, పుట్టిన ఊరి మాట బయటికొచ్చింది.

వీధి పోగైంది. ఎవరూ బూట్ల దగ్గరికి రాలేదు. దూరం నుంచే తలో మాటా అన్నారు. ఒకావిడ తన కోడలికి కడుపు నిలవకపోవడానికి కారణం ఇప్పుడు తెలిసిందంది. ఇంకొకాయన హాస్టలువాళ్ళకి కబురు పంపాలన్నాడు. ఇంటిగలావిడ కర్ర పట్టుకుని వచ్చి దూరం నుంచే బూట్లు వంగి చూసింది. చివరికి, చీకటి పడేలోగా వాటా ఖాళీ చేయించేస్తానంది. నేను అత్త వెనక నిలబడి అన్నీ విన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. పైగా, ఎవరూ నా వైపు చూడటం లేదు కదా అని లోపల్లోపల హాయిగా కూడా అనిపించింది. పదకొండేళ్ళ పిల్ల అంత నీచంగా ఉండగలదా అంటే, ఉండగలదు. నేనున్నాను.

గొడవ విని అక్క బయటికొచ్చింది. సాయంత్రం వంటకి హాస్టలుకి వెళ్ళే వేళ, తల దువ్వుకుని కొప్పు చుట్టుకుంటోంది. మావయ్య ఆమెని చూడగానే రెండడుగులు వెనక్కి వేసి, వెనక్కి వేసినందుకు కోపం ఎక్కువై, నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ మాటలు రాయను. అక్క బూట్ల కేసి చూసింది. వంగి చూసింది గానీ ముట్టుకోలేదు. తర్వాత తలెత్తి వరసగా అందరి మొహాలూ చూస్తూ వచ్చింది. నా దగ్గర ఆగింది. మొహం చూడలేదు, నా చేతులు చూసింది. గోళ్ళ చుట్టూ ఎర్రగా ఉంది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఇప్పుడు చెప్పేస్తుంది, అయిపోయిందనుకున్నాను. ఆమె కూడా తన చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"నాను దేన్నీ ముట్టుకోను. ముట్టుకుంటే మల్లా అదో మాటంటారు. మేస్టారమ్మా, మీ పసుపుడబ్బా తేండి. మీ బట్టల సోడా తేండి. మీ సింతపండు తేండి. నా ఇంటిది ఏదీ ఒద్దు."

అత్త మావయ్య కేసి చూసింది. ఆయన వద్దనబోయాడు. ఇంటిగలావిడ కర్రతో అరుగు మీద కొట్టి, "తెమ్మంటంది కదే, తే. సూద్దాం" అంది. అత్త తెచ్చింది. మరక చేయడానికి తెల్లగుడ్డ కావాలంది అక్క. మావయ్య జేబులోంచి చేతిరుమాలు కనబడుతోంది, ఇంటిగలావిడే లాక్కుంది. ఇక ఎవరు చేయాలి? అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎర్రనీళ్ళంటే పెద్దవాళ్ళందరికీ భయమే.

"ఆ గుంట సేస్తాది" అంది అక్క, కళ్ళతో నన్ను చూపిస్తూ. ఆ గొంతులో నా మీద జాలి లేదు. "రాయే. నాను సెప్పినట్టు సెయ్యి. బేగి."

నేను అరుగు మధ్యలో కూర్చున్నాను. చుట్టూ వీధి. పసుపు కలిపి రుమాలు మీద పొయ్యమంది, పోశాను. పచ్చటి మరక పడింది. సోడా వెయ్యమంది, వేశాను. రుద్దమంది, రుద్దాను. రుమాలు ఎర్రబడింది. చుట్టూ ఒక్కసారిగా గుసగుస లేచింది. ఒకావిడ పిల్లాణ్ణి లాక్కుని వెనక్కి వెళ్ళిపోయింది. చింతపండు నానబెట్టి ఆ పులుసు పొయ్యమంది అక్క. పోసిన చోటల్లా ఎరుపు విరిగి మళ్ళీ పచ్చబడిపోయింది.

"సూసేరు కదా. ఇప్పుడు బూటు."

ఒక బూటు తీసుకుని చింతపులుసు పోసి, పీచుతో రుద్దాను. ఎరుపు పోయి లేత పసుపు మిగిలింది. నీళ్ళు పోశాను. రెండోదానికి చెయ్యి చాపబోతే అక్క ఆపింది.

"ఒకటి సాలు. రెండోది మేస్టారే కడుక్కుంటారు. సింతపండు కాలితో తొక్కడానికి పనికొచ్చింది, సేతికీ పనికొస్తాది."

ఆమె కక్ష కూడా దాచుకోలేదు. ఆ మాటకి జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. మావయ్య మొహం మాడిపోయింది. నాకు అది చూసి సంతోషం కలగాలి, కలగలేదు. ఇంటిగలావిడ ఒక్కర్తే సరైన ప్రశ్న అడిగింది. "మరయితే ఆ పసుపు ఎవలు పోసేరు?"

అక్క నా వైపు తిరగలేదు. "నాకేటి తెల్సు. నా ఇంటి పసుపైతే కాదు" అంది.

ఇప్పుడైనా చెప్పొచ్చు. మావయ్య ఈల చేత్తో తిప్పుతూ నిలబడి ఉన్నాడు. నేను తల వంచుకుని పీచు పిండుతూ కూర్చున్నాను. కాసేపు చూసి ఇంటిగలావిడే, పిల్లేదో తన్నీసుంటాదిలే అని కర్ర తిప్పుకుంది. లేని పిల్లిని అందరూ ఒక్క నిమిషంలో క్షమించేశారు. అక్కతో మాత్రం తప్పయిపోయిందని ఒక్కరూ అనలేదు. కోడలి కడుపు గురించి మాట్లాడిన ఆవిడ కూడా అనలేదు. ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు.

మావయ్య నన్ను అడుగుతాడని ఆ సాయంత్రమంతా ఎదురుచూశాను. అడగలేదు. ఎందుకో పెద్దయ్యాక అర్థమైంది. పసుపు ఎవరు పోశారని అడిగితే అది వట్టి పసుపేనని ఒప్పుకున్నట్టు. ఒప్పుకుంటే తను తప్పు. అంతకంటే చిల్లంగే మేలనిపించింది ఆయనకి. రంగు మార్చి మార్చి చూపించడం కూడా గారడీయే కదా, అదే రుజువు అన్నాడు అత్తతో. లేత పసుపు మిగిలిన బూటూ, ఎర్రగా ఉన్న బూటూ రెండూ అలాగే పడి ఉన్నాయి. మూడో రోజున ఒక కర్రతో ఎత్తి, సైకిలు వెనక గోనెసంచీలో వేసి, బలిఘట్టం వైపు తీసుకెళ్ళి ఏట్లో పారేసి వచ్చాడు. ప్రాణంగా చూసుకున్న బూట్లు. కడుక్కుంటే పోయేదానికి.

గొడవ జరిగిన మర్నాడు నేను అక్క గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఏం చెప్పాలో తెలీదు. మిగిలిన జిగురు ముద్ద తిరిగి ఇచ్చే వంక పెట్టుకున్నాను. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. లోపలికి రమ్మనలేదు. నన్ను కాపాడినందుకు మంచిదానివక్కా అన్నాను. అప్పుడు ఆమె నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు.

"నిన్ను కాసీడానికి సేసేననుకున్నావేటి? నీ పేరు సెప్తే నమ్ముతారా? కొండది సేసిందంతా సేసి గుంట మీద తోసీసిందంటారు. నువ్వు సెప్తేనే నమ్ముతారు. నువ్వు సెప్పవు. నాను సూసేను కదా, నువ్వు సెప్పవు."

నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆమె ఓదార్చలేదు.

"ముందే ఎండలో పెట్టుంటే ఆ పసుపు దానంతటదే పోయీది. నీకు తెల్సు. సెప్పేను కదా. నువ్వు నీడలో దాసేవు. ఎల్లు. మల్లా నా గుమ్మం కాడికి రాకు."

జిగురు ముద్ద కూడా తీసుకోలేదు. అది చేత్తో పట్టుకునే తిరిగి వచ్చాను. నా మీద ఆమెకి కోపం రావడం న్యాయమే అని అప్పుడు అనుకోలేదు. నాకూ ఆమె మీద కోపం వచ్చింది. ఎవరి పట్ల తప్పు చేశామో వాళ్ళ మీదే మనకి ముందు కోపం వస్తుందని ఆ రోజే మొదటిసారి తెలిసింది నాకు.

వాదనలో అక్క గెలిచింది. కానీ ఆ సాయంత్రం ఆమె రుమాలుని ఎర్రగా, పచ్చగా మార్పించిన సంగతి నోటా నోటా పడి హాస్టలు దాకా వెళ్ళేసరికి వేరే కథ అయిపోయింది. ఆమె వండింది తమ పిల్లలు తినరని ఇద్దరు ముగ్గురు తండ్రులు వచ్చి అన్నారట. పది రోజులకి ఆమె పని పోయింది. ఇంటిగలావిడ పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. ఒక ఉదయం నేను స్కూలుకి వెళ్తుంటే అక్క రోడ్డు మీద రెండు మూటలతో, చింతపల్లి బస్సు కోసం నిలబడి ఉంది. నేను ఆగాను. ఆమె నన్ను చూసి మొహం తిప్పుకోలేదు. నా పక్క నుంచి, నా వెనక నుంచి వస్తున్న బస్సు కేసి చూసింది, అక్కడ నేను లేనట్టే. కొండ ఎక్కాల్సిన బస్సు ఆమె ఎక్కింది. నేను ఎక్కాల్సిన కోటవురట్ల బస్సు మాత్రం ఎక్కకుండా మిగిలిపోయాను. పదో తరగతి పాసయ్యాను, ట్రైనింగయ్యాను, ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాను. ఆ ఉద్యోగంలో తిన్న ప్రతి ముద్దలో ఆమె పోగొట్టుకున్న వంటపని ఉంది. నాకు తెలుసు.

నలుగురిలో ఆ మాట చెప్పడానికి నాకు యాభై ఏళ్ళకి పైగా పట్టింది. మొన్నామధ్య మావయ్య తొంభై దాటి పోయాడు. పెద్దకర్మకి నర్సీపట్నం వెళ్ళాను. భోజనాలయ్యాక చుట్టాలు ఆయన కబుర్లు చెప్పుకుంటూ ఆ బూట్ల సంగతి ఎత్తారు. ఇన్నేళ్ళలో అది ఎంత పెరిగిందో. బూట్లు వాటంతటవే నడిచాయట. కొండావిడ చూపుతో నెత్తురు కక్కాయట. మావయ్య గుండె ధైర్యం కాబట్టి బతికి బయటపడ్డాడట. అప్పటికి పుట్టని పిల్లలు కూడా కళ్ళారా చూసినట్టు చెబుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడ్డాను.

"అది చిల్లంగి కాదు. పసుపు. నేనే పోశాను. నేనే సోడా వేసి రుద్దాను. నాకు చదువు పోతుందని నోరు మూసుకున్నాను" అన్నాను. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన గొంతు, హాలంతా వినబడింది.

తర్వాత మావయ్య తమ్ముడి భార్య నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "నీకేటి తెల్సమ్మా, అప్పుడు నువ్వు సంటిపిల్లవి" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు. పక్కనే ఉన్నాయన, ఎప్పటికీ మంచి మనసే ఈవిడది, ఆ కొండదాన్ని కూడా వెనకేసుకొస్తోందన్నాడు. మళ్ళీ కథ అందుకున్నారు.

నేను చెబితేనే నమ్ముతారంది అక్క. అది ఆ రోజు మాట. ఆ రోజు చెబితే నమ్మేవారు. ఇంతకాలం నీడలో ఉంచిన మాటని ఇప్పుడు ఎండలో పెట్టినా లాభం లేకపోయింది.

మా మనవరాలు రంగుల మనిషి. వాటర్ కలర్లూ, స్కెచ్ పెన్నులూ, ఏవేవో కొత్త రంగులు. స్కూలు బూట్ల మీద మరక లేని వారం ఉండదు. మా కోడలు ఫోనులో చూసి ఏవేవో ద్రావకాలు తెప్పిస్తుంది. నేను దానికి అడ్డు చెప్పను. కానీ మరక పడిన బూట్లు ముందు పెరట్లోకి వెళ్ళడానికి నేను ఒప్పుకోను. వీధి గుమ్మం మెట్ల మీద, ఎండలో, వచ్చేపోయేవాళ్ళకి కనబడేలా పెట్టిస్తాను. పక్కన పిల్లని కూడా కూర్చోబెడతాను. ఎవరైనా ఆగి, ఇదెవరి పని అని అడుగుతారు. నాదే అండీ అని అది చెప్పాలి. చెప్పాకే కడుక్కోవడానికి లేవనిస్తాను. కొన్ని మరకలు పోతాయి, కొన్ని పోవు. పోనివాటితోనే మా పిల్ల స్కూలుకి వెళ్తుంది.